కారం మిల్లుకు ఏ సబ్సిడీ? అడ్వాన్సు ఇవ్వక ముందు చూసుకోవాల్సిన లెక్కలు

ప్రశ్న: మాది గుంటూరు. రెండేళ్లుగా ఇంట్లోనే కారం, పసుపు, సాంబారు పొడి చేసి తెలిసినవాళ్లకు అమ్ముతున్నాను. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ నా పేరు మీదే ఉంది. నెలకు 40 కిలోల దాకా పోతున్నాయి. సగటున కిలో 350 రూపాయలు పడుతుంది, సరుకు, మర కూలి, ప్యాకింగ్ పోను కిలోకి 70 మిగులుతుంది. ఇప్పుడు సొంతంగా మిల్లు పెట్టాలనుకుంటున్నాను. పల్వరైజర్ (పొడి ఆడే మర), జల్లెడ మెషిన్, సీలింగ్ మెషిన్ కలిపి 2,40,000, ఆటోమేటిక్ ప్యాకింగ్ మెషిన్ 2,10,000 అని కొటేషన్ ఇచ్చారు. షెడ్డు పనికి లక్ష అవుతుంది. సరుకు కొనడానికి ఇంకో రెండున్నర లక్షలు కావాలి. చేతిలో ఉన్నది లక్షన్నర. ఏటుకూరు రోడ్డులో నెలకు 6 వేల అద్దెకు షెడ్డు దొరికింది. వట్టిచెరుకూరు మండలంలో మా నాన్నగారి ఇల్లు కూడా ఖాళీగా ఉంది. ఒకాయన ముద్ర లోనులో 35 శాతం సబ్సిడీ ఇప్పిస్తానని 25 వేలు అడుగుతున్నారు. పాత రిజిస్ట్రేషన్ సంగతి ఎత్తకుండా కొత్త యూనిట్ అని రాయాలట. తెనాలిలో మూతపడిన మిల్లు వాళ్లు పాత పల్వరైజర్ 60 వేలకు ఇస్తామంటున్నారు, అడ్వాన్సు ఇవ్వమంటారా? నేను బీసీని, డ్వాక్రా సభ్యురాలిని.

సమాధానం: అమ్మా, ఆ 60 వేల మరకు ఇప్పుడే అడ్వాన్సు ఇవ్వకండి. సబ్సిడీ లోను తీసుకునే ఉద్దేశం ఉంటే సెకండ్ హ్యాండ్ యంత్రాన్ని ప్రాజెక్టు ఖర్చులో లెక్కలోకి తీసుకోరు. లోను మంజూరు కాకముందే కొన్న వస్తువుకూ అదే గతి. బ్యాంకు డబ్బు మీ చేతికి రాదు, కొటేషన్ ఇచ్చిన డీలరు ఖాతాకే నేరుగా వెళ్తుంది. ముందే కొనేసి బిల్లు చూపిస్తే ఆ మొత్తం మీ సొంత ఖర్చుగానే మిగిలిపోతుంది. అసలు అప్పే వద్దు, ఉన్న లక్షన్నరతోనే సర్దుకుంటాను అనుకుంటే మాత్రం ఆ మర సంగతి వేరు. అప్పుడైనా మిరపకాయలు పోసి అరగంట ఆడించి, బేరింగులు ఎంత వేడెక్కుతున్నాయో, సుత్తులు ఎంత అరిగాయో చూడండి. కారం తగిలే భాగాలు స్టెయిన్‌లెస్ స్టీలువేనా అన్నదీ చూసుకుని బేరం ఆడండి.

ఇక ఆ పెద్దమనిషి చెప్పిన మాట సంగతి. ముద్రలో సబ్సిడీ లేదు. 2015 ఏప్రిల్‌లో మొదలైన ఆ పథకం తనఖా లేని అప్పు మాత్రమే ఇప్పిస్తుంది: శిశులో 50 వేల వరకు, కిశోర్‌లో 5 లక్షల వరకు, తరుణ్‌లో 10 లక్షల వరకు. తరుణ్ అప్పు సక్రమంగా తీర్చినవాళ్లకు 20 లక్షల దాకా ఇస్తారు. 35 శాతం అన్న మాట మరో రెండు పథకాలది. ఈ రెండింటినీ, ముద్రనూ కలగలిపి చెప్పి డబ్బు గుంజడం మన ఊళ్లలో చాలా మామూలు. దరఖాస్తుకు ఎక్కడా ఫీజు లేదు. చిన్న వ్యాపారాలను సర్కారు దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా ఉచితమే, ఆధార్, పాన్ ఉంటే పది నిమిషాల పని. చివర గవ్ డాట్ ఇన్ అని ఉన్న సైటులోనే చేయండి. వెతికితే పైన కనిపించే ప్రైవేటు సైట్లు అచ్చం సర్కారువాటిలాగే ఉండి డబ్బు అడుగుతాయి.

ఆ రెండు పథకాల్లో మొదటిది ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం, అందరూ పీఎంఈజీపీ అంటారు. తయారీ యూనిట్‌కు 50 లక్షల వరకు, సేవలకు 20 లక్షల వరకు ప్రాజెక్టు పెట్టుకోవచ్చు. మహిళలకు, బీసీలకు సొంత వాటా 5 శాతమే. సబ్సిడీ పట్టణంలో 25 శాతం, పల్లెలో 35 శాతం. జనరల్ కేటగిరీ పురుషులకైతే ఇవి 15, 25. పల్లె అంటే పంచాయతీ కిందున్న ఊరు. ఇక్కడే గుంటూరువాళ్లు పొరబడతారు: గోరంట్ల, నల్లపాడు, ఏటుకూరు పేరుకు ఊళ్లే అయినా 2012లో నగరపాలక సంస్థలో కలిశాయి కాబట్టి పట్టణం లెక్కే. మీ నాన్నగారి ఊరు పంచాయతీయే అయితే 35 శాతం. 10 లక్షలు దాటిన తయారీ ప్రాజెక్టుకే ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న షరతు, మీకు అది అడ్డు రాదు. భార్యాభర్తల్లో ఒక్కరికే ఇస్తారు కాబట్టి మీవారు ఇదివరకు ఈ పథకంలో తీసుకుని ఉంటే మీకు దారి మూసుకున్నట్టే.

రెండోది ఆహార శుద్ధి యూనిట్ల కోసం 2020 జూన్‌లో వచ్చిన పీఎంఎఫ్ఎంఈ. పట్టణమైనా పల్లె అయినా, ఎవరికైనా 35 శాతమే, 10 లక్షలకు మించకుండా. సొంత వాటా కనీసం 10 శాతం. మన రాష్ట్రంలో దీన్ని ఏపీ ఫుడ్ ప్రాసెసింగ్ సొసైటీ నడిపిస్తుంది.

మీ 8 లక్షల ప్రాజెక్టు మీద రెండిటినీ పెట్టి చూద్దాం. పీఎంఈజీపీలో సరుకు కొనే డబ్బు కూడా ప్రాజెక్టు ఖర్చులో కలుస్తుంది, తయారీకి 40 శాతం దాటకూడదు. మీది 31 శాతమే కాబట్టి ఇబ్బంది లేదు. పల్లెలో పెడితే 2,80,000, ఏటుకూరు రోడ్డులో పెడితే 2,00,000 వస్తుంది. పీఎంఎఫ్ఎంఈలో సబ్సిడీ యంత్రాలకు, వాటికి సంబంధించిన సివిల్ పనికి మాత్రమే. ఆ సివిల్ పని మొత్తంలో 30 శాతం దాటకూడదు. సరుకు డబ్బుకు సబ్సిడీ లేదు. అంటే 5,50,000 మీద 35 శాతం, 1,92,500. ఊళ్లో పెడితే మొదటిదానిలో 87,500 ఎక్కువ. ఆ పెద్దమనిషి మిమ్మల్ని అటు లాగుతున్నది ఇందుకే.

అయినా మీకు మేం చెప్పేది రెండోదే. పీఎంఈజీపీ కొత్త యూనిట్లకే. మీ పేరు మీద రెండేళ్ల నాటి ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ ఉంది, అదే పని, అదే పాన్. దాన్ని దాచి కొత్త యూనిట్ అని సంతకం పెడితే ఆ అబద్ధం మీది అవుతుంది కానీ మధ్యవర్తిది కాదు. సబ్సిడీ సర్దుబాటు చేసే ముందు యూనిట్‌ను తనిఖీ చేస్తారు. తేదీలు అక్కడ తేడా వస్తే సబ్సిడీ వెనక్కి పోతుంది, అప్పు మాత్రం పూర్తిగా మీ నెత్తిన ఉంటుంది. పీఎంఎఫ్ఎంఈ నడుస్తున్న యూనిట్‌కూ ఇస్తారు. అక్కడ దాచాల్సి వచ్చే రిజిస్ట్రేషన్, రెండేళ్ల అమ్మకాలే ఇక్కడ మీకు బలం. ఫోన్‌పే, గూగుల్‌పే జమలు కనిపించే బ్యాంకు స్టేట్‌మెంటును మించిన సాక్ష్యం మేనేజరుకు ఇంకొకటి అక్కర్లేదు.

సబ్సిడీ ఎలా అందుతుందో తెలియకపోవడం వల్లే సగం మంది దెబ్బతింటున్నారు. అది చేతికొచ్చే డబ్బు కాదు. ముందు బ్యాంకు పూర్తి అప్పు ఇస్తుంది. సబ్సిడీ వచ్చాక మీ పేరు మీదే విడిగా ఒక ఖాతాలో మూడేళ్లు పడి ఉంటుంది. అంతవరకు దాని మీద మీకు వడ్డీ రాదు, అప్పులో అంత భాగం మీద బ్యాంకూ వడ్డీ వేయకూడదు. మూడేళ్ల తర్వాత యూనిట్ నడుస్తూ, ఖాతా మొండి బాకీ కాకుండా ఉంటే అప్పులో సర్దేస్తారు. కిస్తీలు తప్పి ఖాతా పాడైతే సబ్సిడీ పోయినట్టే. కాబట్టి నెలవారీ లెక్క సబ్సిడీ లేదనుకునే వేయాలి.

ఆ లెక్కలో మీ ప్లాను నిలబడటం లేదు. యంత్రాలు, షెడ్డు పని 5,50,000లో మీ వాటా 55,000, అప్పు 4,95,000. వడ్డీ 11 శాతం, గడువు 5 ఏళ్లు అనుకుంటే నెల కిస్తీ సుమారు 10,760. సరుకు కోసం 2 లక్షల క్యాష్ క్రెడిట్ (కావాల్సినప్పుడు వాడుకుని తీర్చే బ్యాంకు లిమిట్) పూర్తిగా వాడితే వడ్డీ మరో 1,830. షెడ్డు అద్దె 6,000. కిలోకి 70 చొప్పున ఈ మూడూ తీరడానికే నెలకు 266 కిలోలు అమ్మాలి. కరెంటు బిల్లు, మనిషి కూలి, మీ కష్టం ఇందులో లేవు. ఇప్పుడు అమ్ముతున్నది 40.

ఆటోమేటిక్ ప్యాకింగ్ మెషిన్ తీసేయండి. నెలకు 200, 300 కిలోల పొడికి అది దండగ. కాలితో నొక్కే సీలింగ్ మెషిన్, ఒక ఎలక్ట్రానిక్ కాటా సరిపోతాయి. అప్పుడు యంత్రాలు 2,40,000, షెడ్డు పని లక్ష. ఈ లక్ష మొత్తంలో 29 శాతం చిల్లర, 30 లోపే ఉంది. ఇంకో పది వేలు పెరిగితే పరిమితి దాటుతుంది, మేస్త్రీ అంచనా రాసేటప్పుడే చెప్పండి. మొత్తం 3,40,000లో మీ వాటా 34,000, అప్పు 3,06,000, కిస్తీ సుమారు 6,650. నాన్నగారి ఇంట్లో పెడితే అద్దె ఉండదు. బ్యాంకు బాకీలు తీరడానికి 122 కిలోలు చాలు. సబ్సిడీ 1,19,000కి తగ్గుతుంది, తగ్గనివ్వండి. మూడేళ్లు సక్రమంగా కడితే అప్పటికి మిగిలే బాకీ సుమారు 1,43,000. అందులో 1,19,000 సబ్సిడీతోనే తీరిపోతుంది. అంటే ఈ పథకం ఫలం మీకు నాలుగో ఏట చేతికొస్తుంది, మొదటి నెల కాదు. సబ్సిడీ ఎక్కువొస్తుందని ప్రాజెక్టు పెంచుకోవడం మా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు. రూపాయిలో ముప్పై అయిదు పైసలు సర్కారు ఇచ్చినా మిగతా అరవై అయిదు మీవే కదా.

సరుకు డబ్బు గురించి. చిన్న యూనిట్లకు బ్యాంకులు వాడే సూత్రం ఇది: ఏడాది అమ్మకాల అంచనాలో నాలుగో వంతు వర్కింగ్ క్యాపిటల్ కావాలనుకుని, ఆ అమ్మకాల్లో 20 శాతం తాము ఇస్తాయి, 5 శాతం మీరు పెట్టాలి. నెలకు 240 కిలోలు అంటే ఏడాదికి 10 లక్షల అమ్మకం, 2 లక్షల లిమిట్, మీ వంతు 50,000. యంత్రాల వాటా 34,000 కలిపితే 84,000. లక్షన్నరలో మిగిలే 66,000 ముట్టుకోకుండా ఉంచండి. కవర్ల ప్రింటింగు, ల్యాబ్ పరీక్ష, కరెంటు డిపాజిట్, మొదటి రెండు మూడు కిస్తీలు అందులోంచే పోతాయి. అంచనా 20 లక్షలని రాస్తే లిమిట్ పెరుగుతుంది కానీ, 40 కిలోల నుంచి అక్కడికి ఎలా వెళ్తారని మేనేజరు అడిగితే జవాబుండాలి. నాలుగు కిరాణా కొట్లు, రెండు మెస్సులు నెలకు ఇన్ని కిలోలు తీసుకుంటామని రాసిచ్చిన కాగితాలు ఉంటే ఆ ప్రశ్నే రాదు.

మిర్చికి ఇంకో మెలిక ఉంది. గుంటూరు మిర్చి యార్డుకు కొత్త కాయ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా జోరుగా వస్తుంది, మే నెలలో యార్డుకు వేసవి సెలవులు. లిమిట్ ఆగస్టులో మంజూరైతే మీరు కొనేది కోల్డ్ స్టోరేజీ కాయ, దాని ధరలో స్టోరేజీ అద్దె, అవతలివాడి వడ్డీ కలిసే ఉంటాయి. కాబట్టి సంక్రాంతికల్లా లిమిట్ చేతిలో ఉండేలా చూసుకోండి. నెలకు 240 కిలోల కారానికి తొడిమ, తరుగు పోను ఆరేడు టిక్కీలు (మిర్చి బస్తాలు) పడతాయి. కారానికి తేజ రకం, రంగుకు బాడిగ రకం కలుపుకోండి. చౌకని తాలు కాయ కలిపితే రంగు చచ్చిపోతుంది, తీసుకున్న కొట్టువాడు మళ్లీ ఆర్డరివ్వడు.

ఇక దరఖాస్తు. ఈ రెండు పథకాలకూ కేంద్రం ఇచ్చిన ఆమోదం 2025–26 ఆర్థిక సంవత్సరం వరకు. అందుకే ముందుగా పోర్టల్‌లో కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగి తెలుసుకున్నాకే మిగతా పనికి దిగండి. తీసుకుంటుంటే పీఎంఎఫ్ఎంఈకి జిల్లా రిసోర్స్ పర్సన్ ఎవరో అక్కడే చెబుతారు. ప్రాజెక్టు రిపోర్టు రాయడం, ఆన్‌లైన్‌లో ఎక్కించడం, బ్యాంకు చుట్టూ తిరగడంలో సాయపడటం ఆయన పని. అందుకు ఆయనకు సర్కారే డబ్బిస్తుంది. మీరు 25 వేలిచ్చి చేయించుకోవాలనుకున్న పని ఇదే. ఆధార్, పాన్, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, జీఎస్టీ నంబరున్న డీలరు కొటేషన్లు, ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్, ఉద్యమ్ సర్టిఫికెట్, నాన్నగారి ఇంటి పన్ను రసీదు, ఆయన మీకు రాసిచ్చిన లీజు ఒప్పందం దగ్గర పెట్టుకోండి. ఉద్యమ్‌లో వ్యాపారం మొదలైన తేదీ దగ్గర నిజమైన తేదీయే రాయండి.

బ్యాంకు దగ్గర ఆగిపోయేవి చాలావరకు మూడు కారణాలకే. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, పాన్‌లో ఒకలా ఉంటుంది. ఎవరికో హామీ సంతకం పెట్టిన అప్పు కట్టక సిబిల్ దెబ్బతిని ఉంటుంది. డ్వాక్రా గ్రూపులో బాకీ ఉన్నా ఇదే తంతు. మూడోది, యూనిట్ ఒక ఊళ్లో, ఎంచుకున్న బ్రాంచి ఇంకో ఊళ్లో. యూనిట్ వట్టిచెరుకూరు వైపు పెడితే ఆ ఊరు ఏ బ్రాంచి పరిధిలోకి వస్తుందో కనుక్కుని దాన్నే ఎంచుకోండి. గుంటూరులో మీకు ఖాతా ఉంది కదా అని ఆ బ్రాంచి పేరు రాస్తే ఫైలు అక్కడే నిద్రపోతుంది.

ఇంటి కాగితాలు తనఖా పెట్టమంటే ఒప్పుకోనక్కర్లేదు. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు మీరు అడిగేంత చిన్న అప్పుకు తనఖా అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. సీజీటీఎంఎస్ఈ (తనఖా లేని చిన్న అప్పులకు బ్యాంకుకు హామీగా నిలిచే ట్రస్టు) గ్యారంటీ కింద పెట్టమని మర్యాదగా అడగండి, ఆ ఫీజు కొంచెం మీ మీద పడుతుంది. కాదంటే కారణం రాతపూర్వకంగా తీసుకుని లీడ్ బ్యాంక్ మేనేజరుకు, పరిశ్రమల కేంద్రానికి ఇవ్వండి. నోటిమాటగా కాదన్నదాని మీద ఎవరూ ఏమీ చేయలేరు.

డ్వాక్రాలో ఉన్నారు కాబట్టి ఇంకొకటి. ఆహార పదార్థాలు తయారుచేసే సంఘ సభ్యురాళ్లకు పీఎంఎఫ్ఎంఈలోనే మనిషికి 40,000 దాకా సీడ్ క్యాపిటల్ (మొదటి పెట్టుబడి) ఉంది, చిన్న పనిముట్లకు, సరుకుకు వాడుకోవచ్చు. సంఘం ద్వారా అప్పుగా ఇస్తారు. మీ గ్రూపు నగరంలో ఉంటే మెప్మా, పల్లెలో ఉంటే వెలుగు సిబ్బందిని అడగండి. యూనిట్‌కు ముందే ఇది తీసుకుని అమ్మకం 40 నుంచి 100 కిలోలకు పెంచగలిగితే, బ్యాంకు ముందు కూర్చున్నప్పుడు మీ మాటకు బరువొస్తుంది.

నాన్నగారి ఇంట్లో పెట్టే ముందు త్రీ ఫేజ్ లైను వీధిలో ఉందో లేదో చూడండి. లేకపోతే స్తంభాల ఖర్చు మీదే. కనెక్షను పరిశ్రమల కేటగిరీలో అడగండి, వాణిజ్య కేటగిరీలో ఇస్తే యూనిటు ధర ఎక్కువ. మోటారు ఎన్ని హార్స్‌పవరో అంతే లోడు రాయించండి, వాడినా వాడకపోయినా ఫిక్స్‌డ్ చార్జీలు దాని మీదే పడతాయి. కారం ఘాటుకు పక్కింటివాళ్లు ఫిర్యాదు చేయడం ఈ వ్యాపారంలో ఖాయంగా వచ్చే తగువు. దుమ్ము పట్టే సంచి ఉన్న పల్వరైజరునే తీసుకోండి, పంచాయతీ అనుమతి, కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి ముందే తెచ్చుకోండి. రాష్ట్ర సింగిల్ డెస్క్ పోర్టల్‌లో దరఖాస్తు చేయవచ్చు.

ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్‌లో ఇప్పుడున్నది ఇంటి చిరునామా. యూనిట్ మారితే అక్కడి చిరునామాతో కొత్తది తీసుకోవాలి. పొడులు విడిగా తూకం వేసి అమ్మడం నిషేధం, కొట్టువాళ్లకైనా ప్యాకు చేసే ఇవ్వాలి. కారంలో తేమ 11 శాతం దాటకూడదు. మెరుపు కోసం నూనె కలిపితే 2 శాతం లోపే, అదీ కవరు మీద రాసి. గుంటూరు సన్నం అన్న పేరుకు భౌగోళిక గుర్తింపు ఉంది, అధీకృత వాడకందారుగా నమోదు కాకుండా ఆ పేరును బ్రాండులా అచ్చు వేయించకండి. జీఎస్టీ అమ్మకాలు ఏడాదికి 40 లక్షలు దాటేదాకా అక్కర్లేదు, హైదరాబాదుకు ఒక్క పార్సిలు అమ్మినా కావాలి. తెలంగాణ వేరే రాష్ట్రం కదా.

రాష్ట్ర ప్రభుత్వ ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) విధానం 2024–29 కింద ఇచ్చే ప్రోత్సాహకాలు ఉత్పత్తి మొదలయ్యాక పరిశ్రమల కేంద్రంలో అడగాల్సినవి. వాటికి గడువు ఉత్పత్తి మొదలైన తేదీ నుంచే నడుస్తుంది. అందుకే మొదటి అమ్మకం బిల్లు, మొదటి కరెంటు బిల్లు, డీలరు ఇచ్చిన ఒరిజినల్ ఇన్వాయిసులు ఒక ఫైలులో పెట్టండి. మూడేళ్ల తర్వాత సబ్సిడీ తనిఖీకి వచ్చినవాళ్లు యంత్రం మీది సీరియల్ నంబరును ఆ ఇన్వాయిసుతోనే పోల్చి చూస్తారు.